అంకశ్రేఢిలో మూడు వర్గాలు: లంబకోణ త్రిభుజంతో లంకె ఏమిటి?

ప్రశ్న:
1, 25, 49 మూడూ వర్గాలే, పదాంతరం 24. ఇలాంటివి వెతుక్కోకుండా నేరుగా రాబట్టే దారి ఉందా? పదాంతరం సరిగ్గా 5 కావాలంటే? నాలుగు వర్గాలు కుదురుతాయా?

జవాబు 1:
ఉందండీ. పూర్ణాంక భుజాలున్న ఏ లంబకోణ త్రిభుజమైనా తీసుకోండి. లంబకోణం పక్కనున్న భుజాల తేడా, కర్ణం, ఆ భుజాల మొత్తం: ఈ మూడింటినీ వర్గం చేస్తే చాలు. 5, 12, 13 తీసుకుంటే 7, 13, 17 వస్తాయి. వర్గాలు 49, 169, 289. పదాంతరం 120. లంబకోణం పక్క భుజాలు అ, ఇ అనుకుంటే, (అ+ఇ)² విప్పితే కర్ణం వర్గానికి 2అఇ కలుస్తుంది, (అ−ఇ)²లో అదే 2అఇ పోతుంది. అంటే పదాంతరం ఎప్పుడూ త్రిభుజ వైశాల్యానికి 4 రెట్లు. ఎంత చక్కగా అమరిందో చూడండి!

జవాబు 2:
వర్గాల నుంచి త్రిభుజానికి వెనక్కీ వెళ్లొచ్చు. 7, 17 తేడాలో సగం 5, మొత్తంలో సగం 12. సగాలు భిన్నాలవుతాయేమోనన్న బెంగ వద్దు: మొదటి, చివరి వర్గాల మొత్తం మధ్య వర్గానికి రెట్టింపు, కాబట్టి ఆ రెండు సంఖ్యలూ సరి లేదా రెండూ బేసి. 7, 13, 17లే త్రిభుజ భుజాలనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

జవాబు 3:
పూర్ణాంకాలతో పదాంతరం ఎప్పుడూ 24 గుణిజమే, అందుకే 5 రాదు. భిన్నాలతో వస్తుంది. 9, 40, 41 నుంచి 31, 41, 49. పదాంతరం 720, అంటే 5×144. ఒక్కోదాన్నీ 12తో భాగించండి: 31/12, 41/12, 49/12. క్రీ.శ. 1225లో ఇటలీ గణితవేత్త ఫిబొనాచీ ఇచ్చిన జవాబు ఇదే. పదాంతరం 1 మాత్రం భిన్నాలతోనూ అసాధ్యం. అది కుదిరితే, హారాలు తీసేశాక పదాంతరం, దాంతో త్రిభుజ వైశాల్యం కూడా వర్గాలవ్వాలి. కానీ పూర్ణాంక భుజాల లంబకోణ త్రిభుజ వైశాల్యం వర్గం కాదని ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా నిరూపించాడు. నాలుగు వేర్వేరు వర్గాలు కూడా కుదరవు.