పెద్ద అప్‌డేట్: ఒకే ట్రాన్సాక్షన్‌లోనా, విడతలుగానా?

మాదాపూర్_డెవలపర్:
మా కస్టమర్ టేబుల్‌లో జిల్లా పేర్లు 2016కు ముందువే. వికారాబాద్ ఇంకా రంగారెడ్డిలోనే ఉంది. 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. లక్షల వరుసలు సరిచేయాలి. డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్, ఫుల్ రికవరీ మోడల్ (లాగ్ బ్యాకప్ తీసేదాకా లాగ్‌ను దాచి ఉంచే పద్ధతి). ఒకే అప్‌డేట్‌గా నడిపితే, మార్పులన్నీ నమోదయ్యే లాగ్ ఫైలు డిస్కంతా నిండి 9002 ఎర్రర్ (లాగ్‌లో చోటు లేదని) వచ్చింది. సింపుల్ మోడల్‌కు మార్చి నడపమని మా టీమ్‌లో కొందరి వాదన. మీరేమంటారు?

కూకట్‌పల్లి_డీబీఏ:
వద్దండి. సింపుల్‌లో లాగ్ రాయరన్నది పాతుకుపోయిన అపోహ. ఏ మోడల్‌లోనైనా ఇలాంటి అప్‌డేట్ చేసే ప్రతి మార్పూ లాగ్‌లోకి వెళ్తుంది. సింపుల్‌లో చెక్‌పాయింట్ (మారిన డేటాను డిస్కుకు రాసే దశ) తర్వాత పాత భాగాన్ని తిరిగి వాడుకోవచ్చు, అంతే తేడా. మీ ట్రాన్సాక్షన్ (మొత్తం ఒకే పనిగా జరిగే మార్పుల గుంపు) ముగిసేదాకా అది మొదలైన చోటు నుంచి ఏదీ ఖాళీ కాదు. పైగా రోల్‌బ్యాక్ (చేసిన మార్పులను వెనక్కి తీయడం) కోసం సర్వర్ అదనంగా చోటు పట్టి ఉంచుతుంది. పోయేది మాత్రం లాగ్ బ్యాకప్‌ల గొలుసు! తిరిగి ఫుల్‌కు వచ్చాక ఫుల్ లేదా డిఫరెన్షియల్ (గత ఫుల్ తర్వాతి మార్పుల) బ్యాకప్ తీసేదాకా ఆ గొలుసు అతకదు. ఆ మధ్యలో డిస్కు పాడైతే కస్టమర్లకు ఏం చెబుతారు?

ప్రైమరీ కీ (ప్రతి వరుసనూ విడిగా గుర్తించే విలువ) క్రమంలో నాలుగేసి వేల చొప్పున మార్చండి. ఒక స్టేట్‌మెంట్ పట్టే లాక్‌లు (వేరేవాళ్లు మార్చకుండా వేసే తాళాలు) సుమారు 5000 దాటితే టేబుల్ మొత్తానికీ లాక్ పడే ప్రమాదం ఉంది. ప్రతి విడతనూ కమిట్ (ఖాయం) చేయాలి. లూప్ మొత్తాన్ని బయట మరో ట్రాన్సాక్షన్‌లో చుడితే ఈ శ్రమంతా వృథా.

అమీర్‌పేట_ఆర్కిటెక్ట్:
నేను ఒప్పుకోను. విడతల మధ్య రిపోర్టు నడిస్తే సగం వరుసల్లో కొత్త జిల్లా, సగంలో పాతది. అలాంటి లెక్కను ఎవరు నమ్ముతారు? మొత్తం జరగాలి, లేదా ఏదీ జరగకూడదు. డేటాబేస్ ఇచ్చే ఆ హామీని డిస్కు కోసం వదులుకోవడం తప్పు. లాగ్ ఫైలును ముందే పెంచిపెట్టుకోండి. 2022 వెర్షన్‌కు ముందు లాగ్ పెరిగిన ప్రతిసారీ కొత్త చోటును సున్నాలతో నింపాల్సిందే. చిన్న చిన్న ఆటోగ్రోత్‌లకు (ఫైలు దానంతటదే పెరగడానికి) వదిలేస్తే ప్రతిసారీ ఆగాలి.

కూకట్‌పల్లి_డీబీఏ:
ఖాతాల మధ్య డబ్బు బదిలీ అయితే మీ మాటే నా మాట. ఇక్కడ ఆ అవసరం లేదు. ఖాళీ (నల్) విలువలతో కొత్త కాలమ్ చేర్చి, దాన్ని విడతలుగా నింపండి. రిపోర్టులు అప్పటిదాకా పాత కాలమ్‌నే చదువుతాయి. నిండాక ఒకేసారి మళ్లించండి. మీరన్న సగం సగం లెక్క ఎవరికీ కనిపించదు. ఒకే ట్రాన్సాక్షన్ చివరి దశలో విఫలమైతే రోల్‌బ్యాక్‌కు పట్టే గంటల గురించి మీరు చెప్పనే లేదు.

మాదాపూర్_డెవలపర్:
విడతలుగా మొదలుపెట్టాను. లాగ్ ఇంకా పెరుగుతోంది!

కూకట్‌పల్లి_డీబీఏ:
సిస్.డేటాబేసెస్‌లో లాగ్_రీయూజ్_వెయిట్_డెస్క్ (లాగ్ చోటు ఎందుకు ఖాళీ కావడం లేదో చెప్పే కాలమ్) చూడండి. లాగ్_బ్యాకప్ అని ఉంటే విడతల తప్పు కాదు. ఫుల్ మోడల్‌లో లాగ్ బ్యాకప్ తీస్తేనే చోటు ఖాళీ అవుతుంది. ఈ పని సాగినంతసేపు బ్యాకప్‌ల మధ్య వ్యవధి తగ్గించండి. యాక్టివ్_ట్రాన్సాక్షన్ అని కనిపిస్తే మాత్రం ఎక్కడో కమిట్ కానిది మిగిలింది.