మే నెలలో కైలాసకోన జలపాతంలో పిల్లలు తడిసేంత నీళ్లుంటాయా?

మే మూడో వారంలో తిరుపతి నుంచి రెండు రోజుల ట్రిప్పు. ఆరేళ్ల పాప, తొమ్మిదేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న అవ్వ ఉంటారు. పిల్లలు నీళ్లలో ఆడుకోవాలి, నడక తక్కువుండాలి, రాత్రికి దగ్గర్లోనే రూము దొరకాలి.

పులికాట్ వద్దనుకున్నాం. ఫ్లెమింగోలు వచ్చేది చలికాలంలో. ఎండలకు నీళ్లు వెనక్కిపోయి బురద తేలుతుంది, పడవ అడుగు నేలకు తగులుతుంది. హార్సిలీ హిల్స్ చల్లగా ఉంటుంది గానీ పిల్లలు దిగి ఆడే ఏరు లేదు. తలకోన 270 అడుగుల జలపాతమే, కానీ అది వానలు పడ్డాక చూడాల్సింది. మేలో బండ మీద సన్నటి ధార జారుతుందంతే. పైగా నాచు పట్టిన రాళ్ల మీద అవ్వను నడిపించలేం.

మిగిలింది పుత్తూరు దగ్గర కైలాసకోన. ఏడాదంతా నీళ్లు పడతాయంటారు. ఆన్‌లైన్‌లో ఫొటోలు చూస్తే అన్నీ నవంబరు, డిసెంబరువే. ట్రావెల్స్ వాళ్లను అడిగితే "ఉంటాయి సార్" అని ఒకే మాట. బండి కట్టించుకోవాలిగా మరి! అవ్వ కిందే కూర్చుంటుంది, ఆ బెంగ లేదు.

ఏప్రిల్ చివర్లోగానీ మేలోగానీ వెళ్లినవాళ్లు చెప్పండి: అక్కడ ధార కింద పిల్లలు నిలబడి స్నానం చేసేంత నీళ్లు పడుతున్నాయా?