అప్‌డేట్: కౌలాలంపూర్ లేఓవర్‌లో నడిచొచ్చాం

11 గంటల లేఓవర్‌లో (విమానం మారే మధ్య విరామంలో) అమ్మతో ఊళ్లోకి వెళ్లొచ్చా అని అడిగాను కదా, వెళ్లొచ్చాం! ఎయిర్‌పోర్ట్ రైలెక్కితే సుమారు అరగంటలో ఊళ్లోని ప్రధాన రైల్వే స్టేషన్ కేఎల్ సెంట్రల్, అక్కడి నుంచి మెట్రోలో ఒక్క స్టాపు పసార్ సేని స్టేషన్. ఆపైన అంతా నడకే.

1873లో స్థాపించిన మహామారియమ్మన్ గుడి గోపురం కనబడగానే అమ్మ చెప్పులు విప్పేసింది. మసీద్ జమెక్ అనే మసీదు దగ్గర క్లాంగ్, గొంబాక్ నదులు కలుస్తాయి. కౌలాలంపూర్ అంటే బురద సంగమమని అర్థమట. కాసేపు అక్కడే నిలబడిపోయాం. తర్వాత తెహ్ తారిక్ తాగాం. రెండు గ్లాసుల మధ్య మూరెడు ధారగా తిరగబోసిన చాయ్, పైన నురగ.

మధ్యాహ్నం కుండపోత. గొడుగు తప్పనిసరి. ఫ్లైట్‌కి మూడు గంటల ముందే వెనక్కి వచ్చాం, టెన్షన్ లేదు. ధైర్యం చెప్పినవాళ్లందరికీ అమ్మ థాంక్స్ చెప్పమంది.