షీట్ తెరిచినందుకే ఫైళ్ళు బయటికి పోతే తప్పెవరిది?

సెక్షన్ గుమాస్తా:
2018లో లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లో బయటపడ్డ లోపం ఇది. అందులో ఎక్సెల్ లాంటి కాల్క్‌లో వెబ్‌సర్వీస్ అనే ఫార్ములా నెట్ నుంచి సమాచారాన్ని గడిలోకి తెస్తుంది. వెబ్ అడ్రస్ బదులు మన కంప్యూటర్‌లోని ఫైలు దారి ఇచ్చినా చదివేసేది. చదివినదాన్ని ఇంకో గడిలోని ఫార్ములా ఒక వెబ్ అడ్రస్ చివర తగిలించి బయటికి పంపేది. షీట్ తెరిస్తే చాలు, మనల్ని ఒక్క మాట అడిగేది కాదు. ఇది వాడేవాళ్ళ తప్పా?

ఉచితసాఫ్ట్:
5.4.5, 6.0.1 వెర్షన్లలో సరిచేశారు కదండీ. పైగా ఏ ఫైలు ఎక్కడుందో పంపినవాడికి ముందే తెలియాలి. ముక్కూమొహం తెలియనివాళ్ళ ఫైలు తెరవకపోతే గొడవే లేదు.

సెక్షన్ గుమాస్తా:
లినక్స్‌లో ప్రాక్ అనే సిస్టమ్ ఫోల్డర్ కింద ఉండే ఎన్విరాన్ ఫైలు చదివిస్తే మన ఫైళ్ళుండే హోమ్ ఫోల్డర్ పేరు దొరుకుతుంది. ఇక ఎస్‌ఎస్‌హెచ్ కీ, అంటే వేరే కంప్యూటర్లలోకి లాగిన్ అయ్యే రహస్య తాళం ఫైలు, దాకా వెళ్ళడం ఎంతసేపు? ఎక్సెల్‌లో ఇదే ఫార్ములాకి ఫైలు దారి ఇస్తే వాల్యూ ఎర్రర్ వస్తుందని మైక్రోసాఫ్ట్ రాసిపెట్టింది. ఆ ఫార్ములాని తెచ్చి పెట్టుకున్న లిబ్రేఆఫీస్‌వాళ్ళు ఆ కట్టడి ఎందుకు పెట్టలేదు?

మూడోబెంచి:
మైక్రోసాఫ్ట్ తక్కువ తిన్నదా? 2002లో వర్డ్ ఫీల్డులతో, అంటే డాక్యుమెంట్‌లోకి వాటంతటవే సమాచారం తెచ్చే కోడ్‌లతో, ఇలాంటిదే జరిగింది. వచ్చిన డాక్యుమెంట్ దిద్ది తిరిగి పంపితే, మన ఫైలు కూడా అందులో కూర్చుని వెళ్ళిపోయేది.

ఉచితసాఫ్ట్:
చూశారా! సెలవులు పెట్టుకుని మా ఊరి బడిలో పన్నెండు కంప్యూటర్లలో లిబ్రేఆఫీస్ వేశాను. మీలాంటివాళ్ళు భయపెడితే మళ్ళీ దొంగ కాపీలకే పోతారు. అడిగానని ఏమీ అనుకోకండి, తెలియని ఫైలు మీరెందుకు తెరవాలి?

సెక్షన్ గుమాస్తా:
ఆ మాట ఇంకోసారి అనకండి. కొత్తవాళ్ళు పంపిన కొటేషన్లు తెరవడమే నా ఉద్యోగం. ఒక అటాచ్‌మెంట్‌తో వైరస్ వస్తే మెమో నాకు ఇచ్చారు. మూడేళ్ళు అప్‌డేట్ చెయ్యనివాళ్ళని ఒక్కరూ అడగలేదు.

పద్మ_నల్గొండ:
ఆ బడిలో అప్‌డేట్లు ఎవరు చేస్తున్నారు?

ఉచితసాఫ్ట్:
నేను ఊరొదిలి వచ్చేశాను. అది బడివాళ్ళు చూసుకోవాలి.

సెక్షన్ గుమాస్తా:
కంప్యూటర్ టీచర్ ఉన్నారా అక్కడ?

ఉచితసాఫ్ట్:
లేరు. అయితే? జీతం లేకుండా చేసినవాడి మీదే పడతారా?

సెక్షన్ గుమాస్తా:
మీ మీద పడటం లేదు. వేసినవాళ్ళు వెళ్ళిపోతారు, కొన్నవాళ్ళు మర్చిపోతారు, తెరిచినవాళ్ళు దొరుకుతారు. నా గొడవంతా అదేనండీ.

ఉచితసాఫ్ట్:
దసరాకి ఊరెళ్తాను. ఏ వెర్షన్ ఉందో చూసి ఇక్కడే రాస్తాను. తెలియని ఫైలు విషయంలో మాత్రం నా మాట మారదు.