టాట్యానా మెక్‌ఫాడెన్ 100 మీటర్లు, మారథాన్ రెండూ ఎట్ల కొడుతుంది?

ఓరుగల్లు పోరడు:
2024 పారిస్ పారాలింపిక్స్‌ల మన దీప్తి జీవాంజి 400 మీటర్లల కాంస్యం కొట్టినకాంచి పారా అథ్లెటిక్స్ వీడియోలు వదుల్తలేను. నిన్న ఈ అమెరికా వీల్‌చైర్ రేసర్ టాట్యానాది చూసిన, 2016 రియోల 100 మీటర్లల వెండి, మారథాన్‌ల గూడ వెండి, నడుమ 400 నుంచి 5000 దాక నాలుగు బంగారాలు!! బోల్ట్‌ని మారథాన్ ఉరుకుమంటే ఉరుకుతడా? ఆ చైర్‌కి గేర్లేమన్న ఉంటయా? తెలిసినోళ్లు జర చెప్పుండ్రి.

ట్రాక్ పిచ్చి:
గేర్లూ లేవు ఏం లేవు బ్రో. వెనక రెండు పెద్ద చక్రాలు, ముందుకి పొడుగ్గా సాగి ఒక చిన్న చక్రం, అంతే. పెద్ద చక్రం పక్కన చిన్న రింగు ఉంటుంది, గట్టి గ్లవ్స్ వేసుకుని దాన్ని గుద్ది కిందకి తోస్తారు, పట్టుకోరు. రింగు చిన్నది కదా, సైకిల్ పెద్ద గేర్లో పెట్టి ఎత్తుకున్నట్టే, కదిలించడానికి ప్రాణం పోద్ది, ఊపందుకుంటే మాత్రం ఆగదు. అందుకే 100లో ఫిన్లాండ్ లియో-పెక్కా టాహ్టి 2012లో కొట్టిన రికార్డు 13.63 సెకన్లు, బోల్ట్‌ది 9.58. మారథాన్‌లో సీన్ రివర్స్, స్విట్జర్లాండ్ మార్సెల్ హుగ్ 2021లో జపాన్ ఓయిటాలో గంటా 17 నిమిషాల 47 సెకన్లలో లాగేశాడు, పరిగెత్తేవాళ్లకంటే ఎంతో ముందే. పైగా లాంగ్ రేసుల్లో ముందువాళ్ల వెనకే నక్కి గాలి తప్పించుకుని చివర్లో స్ప్రింట్ కొట్టేవాళ్లదే రాజ్యం, కాబట్టి స్ప్రింటర్‌కి అది మరీ పరాయి ఆటేం కాదు.

గోదారమ్మాయి:
ఆవిడ భుజాలు ఎక్కడివో కూడా చెప్పాలిగా. 1989లో రష్యాలోని లెనిన్‌గ్రాడ్‌లో స్పైనా బిఫిడాతో (వెన్నెముక పూర్తిగా మూసుకోని పుట్టుక లోపం) పుట్టింది, ఆరేళ్లు అనాథాశ్రమంలోనే, వీల్‌చైర్ లేదు, మిగతా పిల్లలతో తిరగాలంటే చేతుల మీదే నడిచేది. ఉద్యోగం పని మీద అక్కడికెళ్లిన డెబొరా మెక్‌ఫాడెన్ చూసి దత్తత తీసుకుని అమెరికా తీసుకెళ్లారు. 15 ఏళ్లకే 2004 ఏథెన్స్ పారాలింపిక్స్‌లో రెండు పతకాలు. అవి పట్టుకుని మేరీలాండ్‌లో స్కూల్‌కి వస్తే ఏం చేశారో తెలుసా, మిగతా పిల్లలతో కలిపి రేసులో దించకుండా ఖాళీ ట్రాక్ మీద ఒక్కదాన్నే తోసుకోమన్నారు 😡 తల్లీకూతుళ్లు పైసా నష్టపరిహారం అడక్కుండా కోర్టుకెళ్లి గెలిచారు, 2008లో ఆ రాష్ట్రం వైకల్యం ఉన్న పిల్లలకీ స్కూల్ ఆటల్లో అవకాశం ఇవ్వాలని చట్టమే తెచ్చింది. నన్నడిగితే ఆవిడ పతకాలన్నీ ఒకెత్తు ఇదొక్కటీ ఒకెత్తు. 2013లో బోస్టన్, లండన్, చికాగో, న్యూయార్క్ మారథాన్లు నాలుగూ ఒకే ఏడాది గెలిచేసింది, అప్పటిదాకా రన్నర్లలో కూడా ఎవరూ చేయలా.

ఓరుగల్లు పోరడు:
థాంక్స్ అక్కా. దీప్తి పోటీ కేటగిరీ టి20, ఈమెది టి54, నంబర్ పెరిగితే కష్టం పెరిగినట్టా?

ట్రాక్ పిచ్చి:
కాదు తమ్ముడూ అది ర్యాంకు కాదు. 20 అంటే మేధో వైకల్యం, 51 నుంచి 54 వీల్‌చైర్ రేసులు. 53 వాళ్లకి పొట్ట కండరాలు పనిచేయవు, 54 వాళ్లకి పనిచేస్తాయి, స్టార్ట్‌లో ఒళ్లంతా ముందుకేసి తోసేటప్పుడు చూడు తేడా కనిపించుద్ది. టాట్యానా రియో 1500 కూడా చూడు, మూడు పతకాలూ అమెరికావాళ్లే పట్టుకుపోయారు.