ఓటీఏ ఇన్‌పుట్ జత సైజు: 10 మెగాహెర్ట్జ్‌కి కడితే 6.5 వస్తోంది

రుషికుల్య (బరంపురం):
స్కై130 (ఓపెన్‌సోర్స్ 130 నానోమీటర్ల చిప్ ప్రాసెస్)లో 1.8 వోల్టులకి ఐదు ట్రాన్సిస్టర్ల ఓటీఏ (వోల్టేజి తేడాని కరెంటుగా మార్చే యాంప్లిఫయర్) వేస్తున్నాను. ఇన్‌పుట్ జత ఎన్‌మాస్, లోడ్ 2 పికోఫారడ్లు. 10 మెగాహెర్ట్జ్ జీబీడబ్ల్యూ (గెయిన్, బ్యాండ్‌విడ్త్‌ల లబ్ధం), 40 డీబీ గెయిన్ కావాలి. దానికి జీఎం (గేట్ వోల్టేజి మారితే కరెంటు ఎంత మారుతుందో చెప్పేది) 126 మైక్రోసీమెన్స్ అని తేలింది. ఓవర్‌డ్రైవ్ (గేట్ వోల్టేజి థ్రెషోల్డ్‌ని దాటిన మేర) 0.1 వోల్టు అనుకుని, ఒక్కో వైపు 6.3 మైక్రోఆంపులు ఇచ్చి, స్క్వేర్ లా (కరెంటు ఓవర్‌డ్రైవ్ వర్గాన్ని బట్టి పెరుగుతుందనే సూత్రం)తో డబ్ల్యూ (ట్రాన్సిస్టర్ వెడల్పు) కట్టాను. ఎల్ (పొడవు) అన్నిటికీ 0.15 మైక్రాన్లే. ఎన్‌జీస్పైస్ సిమ్యులేటర్‌లో 6.5 మెగాహెర్ట్జ్, 31 డీబీ చూపిస్తోంది. డబ్ల్యూ రెట్టింపు చేస్తే 8 దాకా వచ్చి ఆగింది. లెక్క ఎక్కడ తప్పింది?

వంశధార (గుణుపురం):
126 సరైనదే తమ్ముడూ, తేడా ఆ 0.1 వోల్టు దగ్గరుంది. స్క్వేర్ లా ప్రకారం అక్కడ జీఎం/ఐడీ (ఐడీ అంటే డ్రెయిన్ కరెంటు) 20 రావాలి. కానీ ట్రాన్సిస్టర్ అప్పటికి మోడరేట్ ఇన్వర్షన్‌లో (పూర్తిగా ఆన్ కాని, స్క్వేర్ లా సరిగా పనిచేయని మధ్య దశలో) ఉంటుంది, నిజంగా దక్కేది 13 చిల్లర. 6.3ని 13తో గుణించు, 82 వస్తుంది. నీ 6.5 మెగాహెర్ట్జ్ అదే. పూర్తిగా వీక్ ఇన్వర్షన్‌లోకి (థ్రెషోల్డ్ కిందికి) దిగినా ఆ నిష్పత్తి 30 లోపే. అందుకే డబ్ల్యూ పెంచుకుంటూ పోతే చివరికి పెరిగేది కెపాసిటెన్స్ ఒక్కటే.

ముందు పట్టిక కట్టుకో. ఒకే ఎన్‌మాస్, డబ్ల్యూ 5 మైక్రాన్లు, వీడీఎస్ (డ్రెయిన్-సోర్స్ వోల్టేజి) 0.9. వీజీఎస్‌ని (గేట్-సోర్స్ వోల్టేజిని) 0 నుంచి 1.8 దాకా స్వీప్ చెయ్యి. ఎల్ 0.15, 0.3, 0.5, 1 మైక్రాన్‌కి విడివిడిగా. జీఎం/ఐడీ అడ్డంగా పెట్టి ఐడీ/డబ్ల్యూ, జీఎం/జీడీఎస్ (జీడీఎస్ అంటే డ్రెయిన్ వైపు అవుట్‌పుట్ కండక్టెన్స్) గీసుకో. పీమాస్‌కీ ఇదే పని. జీఎం/ఐడీ 15 ఎంచుకుంటే ఒక్కో వైపు 8.4 మైక్రోఆంపులు కావాలి. నీ పట్టికలో ఆ ఎల్‌కి ఐడీ/డబ్ల్యూ మైక్రాన్‌కి 1 మైక్రోఆంపు ఉందనుకో, డబ్ల్యూ 8.4 మైక్రాన్లు.

గెయిన్ సంగతి: 40 డీబీ అంటే 100 రెట్లు. రెండు వైపుల జీడీఎస్ సమానమైతే ఇన్‌పుట్ ట్రాన్సిస్టర్‌కి జీఎం/జీడీఎస్ 200 ఉండాలి. 0.15తో ఆ ఆశ వదులుకో, 0.5 నుంచి చూడు.

నాగావళి (రాయగడ):
లోడ్ పీమాస్‌కి కూడా 15 పెట్టేస్తారు చాలామంది. వద్దు, అక్కడ 8-10 చాలు, ఎల్ 1 మైక్రాన్. లోడ్ జీఎం ఎంత తక్కువైతే నాయిస్, ఆఫ్‌సెట్ అంత తక్కువ. బదులుగా 200-250 మిల్లీవోల్టుల హెడ్‌రూమ్ (సిగ్నల్ కదలడానికి మిగిలే వోల్టేజి) పోతుంది. అవుట్‌పుట్ దగ్గరి రెండు డ్రెయిన్ల కెపాసిటెన్స్ ఆపరేటింగ్ పాయింట్‌లో చదివి, 2 పికోలకి కలిపి, జీఎం మళ్లీ కట్టండి. రెండు చుట్లు తిరిగితే కుదురుకుంటుంది. 27 డిగ్రీల దగ్గర 10 వచ్చిందని సంబరపడొద్దు. మన ఎండల మాట అటుంచి, 85 దగ్గర టెయిల్ కరెంటు అంతే ఉంటే జీఎం పడిపోతుంది. కాస్త ఎక్కువే ఇచ్చుకోండి.

రుషికుల్య:
8.4 మైక్రాన్ల డబ్ల్యూని ఒకే ఫింగర్‌గా (ఒకే గేట్ పట్టీగా) వేయనా అన్నా?

వంశధార:
వద్దు. పట్టిక 5 మైక్రాన్లతో కట్టావు కదా, 5వి రెండు పెట్టు. సన్నటి ఫింగర్లకి ఐడీ/డబ్ల్యూ అలాగే ఉండదు, పట్టిక పనికిరాకుండా పోతుంది. రెండేసి ముక్కలుంటే లేఅవుట్‌లో జతని అడ్డదిడ్డంగా అల్లడానికీ వీలు. మోడల్ దొరకలేదని ఎర్రర్ వస్తే నువ్విచ్చిన డబ్ల్యూ, ఎల్ ఏ బిన్‌లోనూ (మోడల్ ఫైలు లెక్కలోకి తీసుకునే సైజుల పరిధిలోనూ) పడలేదని అర్థం. దాన్ని చూసి నెట్‌లిస్ట్ అంతా వెతుక్కోకు.