‘చూడ చూడ’ అంటే చూడ్డమా, చవి చూడ్డమా?

(మాట్లాడేవాళ్లని వాళ్ల ఊరి పేరుతో పిలుస్తున్నాం.)

అమలాపురం: టైప్ 1 మధుమేహం మీద కాలేజీలో తెలుగులో మాట్లాడాలి. వేమన పద్యంతో మొదలుపెడదామనుకుంటే రెండో పాదం తేలడం లేదు. ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు, చూడ చూడ రుచుల...’ తర్వాత ‘జాడ వేరు’ అనా, ‘తీరు వేరు’ అనా? ఇన్సులిన్‌లో ఉండే రెండు గొలుసుల్లో ఒకటైన బి గొలుసులో 9 నుంచి 23 దాకా ఉన్న 15 అమైనో ఆమ్లాల ముక్క మీద ఒంటి రక్షణ చూసే టి కణాలు ఈ జబ్బులో పగబడతాయి. అదే ముక్కని మందుగా ల్యాబ్‌లో తయారుచేసి, 16, 19 స్థానాల్లో అలనీన్ అనే వేరే అమైనో ఆమ్లం పెట్టారు. పైకి ఒకే పోలిక, టి కణానికి మాత్రం వేరు. పద్యం అక్కడ వాడాలి.

యండగండి: జాడే. చూడ, జాడ ప్రాసయతి, రెండో అక్షరం ‘డ’ కలిసింది. ‘తీరు’ పెడితే యతి గల్లంతు. అసలు పేచీ ‘చూడ చూడ’ దగ్గరుంది. పద్య వ్యాఖ్యానాల్లో ‘పరిశీలించగా’ అని రాస్తారు. రుచిని పరిశీలిస్తామా? రుచి చూస్తాం!

ద్రాక్షారామం: ఒప్పుకోను మాస్టారూ. రుచి చూడ్డానికి ఒక్కసారి నాలిక మీద వేసుకుంటే చాలు. రెండుసార్లు అన్నాడంటే ‘పోను పోను’ అని. ‘తినగ తినగ వేము’ గుర్తు తెచ్చుకోండి.

పాలకొల్లు: అలాగైతే ‘చూడగ చూడగ’ అనలేదేం?

యండగండి: ‘చూడగ’ భగణం అండీ, అది ఇంద్రగణం. ఆటవెలది రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే ఉండాలి. తిరుపతి వేంకట కవుల్లో తిరుపతి శాస్త్రిగారు పుట్టిన ఊరివాణ్ణి, ఆ మాత్రం చెప్పకపోతే బాగోదు.

కడియం: ఏటి అవతల వాళ్లు గణాలు లెక్కపెట్టుకునేలోపు ఆ జంటలో రెండోవారు, మా చెళ్ళపిళ్ళ వారు, అవధానం ముగించేసి ఉండేవారు.

కాకినాడ: టి కణం చూడనూ చూడదు, నాకనూ నాకదు, తడుముతుంది. వేరే కణం తన గాడిలో పెప్టైడ్‌ని, అంటే ఆ అమైనో ఆమ్లాల ముక్కని, పట్టి చూపిస్తే పైనుంచి తడుముతుంది. మధుమేహం దానంతటదే వచ్చే ఎన్‌ఓడి ఎలుకల్లో ఈ 15 అమైనో ఆమ్లాల అక్షరాలూ గాడిలో ఒక్క తీరుగా కూర్చోవు, ఎక్కడ విరిస్తే అక్కడ గణం మారినట్టు జరిగి కూర్చుంటాయి. తంటా తెచ్చే మూడో అమరికలో పట్టు బహు బలహీనం. 22వ చోట ఆర్జినీన్ తీసి గ్లుటామిక్ ఆమ్లం పెడితే గట్టిగా పట్టింది, టి కణాలూ గట్టిగానే స్పందించాయి. అంటే పేచీ అంతా ఒక్క అక్షరం దగ్గరే.

అమలాపురం, నువ్వు చెప్పిన 16, 19 ముక్క మనుషుల్లో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్ని నిలబెట్టలేదు. ఆ ఫలితాలు 2009లో వచ్చాయి, అదీ చెప్పు. టైప్ 1 కోసమే చేసిన మరో పెప్టైడ్ మందు డయాపెప్277ది ఇంకో కథ. 24 అమైనో ఆమ్లాలు, రెండు సిస్టీన్ల చోట వాలీన్లు. పరీక్ష లెక్కలు తారుమారు చేశారని దాన్ని కొనుక్కున్న కంపెనీయే 2014లో ప్రకటించింది.

కడియం: ఉప్పుని కప్పురమని అమ్మారన్నమాట.

భీమవరం: ఒక్క అక్షరం మార్చడమంటే మా యల్లాప్రగడ సుబ్బారావుగారి తర్వాతే ఎవరైనా. ఫోలిక్ ఆమ్లంలో ఒక హైడ్రాక్సిల్ తీసి అమైనో గుంపు పెడితే అమైనోప్టెరిన్ అనే క్యాన్సర్ మందు. కణం విటమిన్ అనుకుని తీసుకుంటుంది, అక్కడితో కణం పని ఆగుతుంది.

కడియం: భీమవరం ఇంకా రాలేదేంటా అనుకుంటున్నా.

ద్రాక్షారామం: అసలు ఈ అమ్మాయి ఎంచుకున్న పద్యమే తప్పు. ఇప్పుడు జరిగే పని టి కణాలకి ఆ ముక్కని అలవాటు చేయడం. ఇన్సులిన్‌కి ముందు రూపమైన ప్రోఇన్సులిన్ ముక్కని రెండు వారాలకో నాలుగు వారాలకో ఒకసారి చర్మంలోకి ఎక్కిస్తూ ఆరు నెలలు చూశారు, 2017లో ఫలితాలు వచ్చాయి. ‘తినగ తినగ వేము తియ్యనుండు’ కంటే సరిగ్గా అతికే మాట ఏముంది?

కాకినాడ: తియ్యనైందని ఇంకా తేలలేదండీ. ఆ పరీక్ష ముఖ్యంగా హాని ఉందా లేదా అని చూడ్డానికి.

యండగండి: చూశారా, మీరూ ‘చూడ్డానికి’ అన్నారు! ఏ అర్థంలో?

అమలాపురం: జాడ ఖాయం చేసుకున్నాను. ‘చూడ చూడ’కి అర్థం ఏమని చెప్పను?

యండగండి: చవి చూడగా.

ద్రాక్షారామం: పోను పోను.

పాలకొల్లు: అర్థం సంగతి తర్వాత, అది పచ్చకర్పూరమని మాత్రం చెప్పమ్మా. హారతి కర్పూరం ఎవరూ నోట్లో వేసుకోకూడదు. మా ఇంట్లో చక్రపొంగలికి మినపగింజంత నలిపి వేస్తారు, రవ్వంత ఎక్కువైతే గిన్నె గిన్నెంతా చేదు.

యండగండి: అందుకే ‘రుచుల’ అని బహువచనం వేశాడు.

ద్రాక్షారామం: కాదు, ఉప్పుదొకటి, కప్పురానిదొకటి. రెండు కాబట్టి బహువచనం.